ఆదివారం చదివిన పేర్లు

పత్రికలు రాయని హత్యల్ని ఒక ఆర్చిబిషప్ వారం వారం పూజలో పేరుపేరునా చదివారు. ఎల్ సాల్వడార్‌లో ఆస్కార్ రొమేరో మూడేళ్ల ప్రసంగాలు మతానికీ రాజకీయానికీ మధ్య గీత ఎక్కడన్న ప్రశ్నను నేటికీ సజీవంగా ఉంచాయి.

1970ల చివర్లో ఎల్ సాల్వడార్‌లో ఆదివారం ఉదయం ఎనిమిదింటికి వీధి వెంట నడుచుకుంటూ పోయే మనిషికి కూడా ప్రసంగంలో ఒక్క ముక్క తప్పిపోయేది కాదని అప్పటివాళ్లు చెప్పుకుంటారు. ఈ ఇంటి రేడియోలో మొదలైన వాక్యం పక్కింటి రేడియోలో పూర్తయ్యేది. బస్సుల్లో, బజార్లలో, కాఫీ తోటల కూలీల పాకల్లో అదే గొంతు. అది ఏ రాజకీయ నాయకుడిదో కాదు. రాజధాని శాన్ సాల్వడార్ కేథలిక్ ఆర్చిబిషప్ ఆస్కార్ అర్నుల్ఫో రొమేరోది. ఆదివారం పూజలో ఆయన చేసే ప్రసంగాన్ని చర్చి సొంత రేడియో వైఎస్ఏఎక్స్ దేశమంతటికీ వినిపించేది. ఒక్కోసారి అది గంటన్నర దాటిపోయేది. అయినా ఎవరూ రేడియో కట్టేసేవారు కాదు. అప్పటి శ్రోతల సర్వేల ప్రకారం గ్రామీణుల్లో 73 శాతం, పట్టణవాసుల్లో 47 శాతం మంది ఆ ప్రసంగాన్ని క్రమం తప్పకుండా వినేవారు.

అంతగా అందులో ఏముంది? మొదట ఆ ఆదివారానికి చర్చి నిర్ణయించిన బైబిలు పఠనాల మీద వివరణ. సింహభాగం దానికే. తర్వాత ఆ వారం చర్చి విశేషాలు: ఏ ఊళ్లో పండగ జరిగింది, ఏ విచారణకు కొత్త ఫాదర్ వచ్చారు వగైరా. చివర్లో వారం సంఘటనలు. ఫలానా తేదీన ఫలానా ఊళ్లో ఫలానా రైతును నేషనల్ గార్డు పట్టుకుపోయింది, ఇంతవరకూ జాడ లేదు. ఫలానా రోడ్డు పక్కన శవం దొరికింది, చనిపోయిన వ్యక్తి పేరు ఇదీ. జనం ఊపిరి బిగబట్టి ఎదురుచూసింది ఈ చివరి భాగం కోసమే. తమ వాళ్లను ఎవరో ఎత్తుకుపోయారని పోలీసులు ఒప్పుకోరు, పత్రికలు రాయవు, కోర్టులు వినవు. అలాంటి కుటుంబానికి తమవాడి పేరు రేడియోలో వినపడటమే ఆ వారానికి దొరికిన న్యాయం.

ఎల్ సాల్వడార్ మధ్య అమెరికాలో చిన్న దేశం. విస్తీర్ణం 21 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మన ఉమ్మడి అనంతపురం జిల్లా కంటే కాస్త పెద్దది, అంతే. కాఫీ తోటలూ పెట్టుబడీ పిడికెడు కుటుంబాల చేతుల్లో ఉండేవి. 'పద్నాలుగు కుటుంబాలు' అన్న మాట అక్కడ సామెతలా వాడుకలోకి వచ్చింది. 1932లో తిరగబడ్డ రైతుల్ని, ఆదివాసుల్ని సైన్యం వేల సంఖ్యలో ఊచకోత కోసింది. అప్పటి నుంచి గద్దె మీద ఉన్నది దాదాపుగా సైనికాధికారులే. చర్చి కూడా చాలాకాలం తోటల యజమానుల పక్కనే కూర్చుంది. అయితే 1968లో కొలంబియాలోని మెడెల్లిన్‌లో సమావేశమైన లాటిన్ అమెరికా బిషప్పులు పేదల పక్షాన నిలబడటం చర్చి బాధ్యత అని తీర్మానించాక పరిస్థితి మారసాగింది. పల్లెల్లో ఫాదర్లు రైతుల్ని కూర్చోబెట్టి బైబిలు చదివించారు. చదివినవాళ్లు కూలి రేట్ల గురించి అడగడం మొదలుపెట్టారు.

1977 ఫిబ్రవరిలో రొమేరోను ఆర్చిబిషప్‌గా నియమించినప్పుడు ఈ ఫాదర్లు నిరాశపడ్డారు, తోటల యజమానులు సంతోషించారు. అందుకు కారణం ఉంది. 1917లో సియుదాద్ బారియోస్ అనే కొండ ఊళ్లో పుట్టి, చిన్నప్పుడు వడ్రంగం నేర్చుకుని, రోమ్‌లో చదివి 1942లో గురువైన రొమేరో సంప్రదాయవాది. పుస్తకాల పురుగు, బిడియస్తుడు. కొత్త ధోరణుల్ని అనుమానంగా చూసిన మనిషి. ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించే రకం కాదని అందరూ అనుకున్నారు.

ఆ అంచనా మూడు వారాలు కూడా నిలవలేదు. ఎన్నికల్లో రిగ్గింగ్ జరిగిందంటూ రాజధాని కూడలిలో గుమిగూడిన జనం మీద ఫిబ్రవరి 28న సైన్యం కాల్పులు జరిపింది. మార్చి 12న రొమేరోకు ఆప్తమిత్రుడైన జెస్యూట్ గురువు రుటిలియో గ్రాందెను దారి కాచి కాల్చి చంపారు. చెరకు కూలీల మధ్య పనిచేసిన ఆయనతో పాటు అదే వాహనంలో ఉన్న ఒక వృద్ధుడు, ఒక కుర్రాడు కూడా నేలకొరిగారు. ఆ రాత్రే రొమేరో మూడు శవాల దగ్గరికి వెళ్లారు. ఆ తర్వాత తీసుకున్న నిర్ణయం తోటి బిషప్పుల్నే విస్మయపరిచింది. మార్చి 20 ఆదివారం తన పరిధిలోని చర్చిలన్నింటిలో పూజలు రద్దు చేసి, రాజధాని కేథడ్రల్‌లో ఒకే ఒక్క పూజ జరిపించారు. సుమారు లక్ష మంది వచ్చారు. హత్యలపై దర్యాప్తు జరిగేదాకా ప్రభుత్వ కార్యక్రమాలకు హాజరు కానని ప్రకటించారు. కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి కూడా వెళ్లలేదు.

బిడియస్తుడైన ఆ పండితుణ్ని ఒక్క చావు రాత్రికి రాత్రి మార్చేసిందని చాలామంది రాశారు. అంతకు ముందు శాంతియాగో దె మరియాలో బిషప్‌గా ఉన్నప్పుడే కాఫీ కోత కూలీలు చలిలో ఆరుబయట పడుకోవడం చూసి చర్చి భవనాల తలుపులు తెరిపించిన మనిషి ఆయన. మిత్రుడి శవం ముందు ఆయన కొత్త సిద్ధాంతమేదీ కనిపెట్టలేదు. తెలిసిన సంగతుల్ని నలుగురిలో చెప్పక తప్పదన్న నిర్ణయానికి వచ్చారు.

చెప్పడం తేలిక. చెప్పింది నిజమని తేల్చుకోవడమే కష్టం. రొమేరో ప్రసంగాల అసలు బలం అక్కడే ఉంది. యువ న్యాయవాదులు 1975లో ప్రారంభించిన 'సొకోర్రో హురీదికో' అనే న్యాయ సహాయ కేంద్రాన్ని ఆయన ఆర్చిబిషప్ కార్యాలయంలో భాగం చేశారు. బిడ్డలు కనపడని తల్లులు అక్కడికి వచ్చి వాంగ్మూలాలు ఇచ్చేవారు. న్యాయవాదులు వాటిని సరిచూసి, తేదీ, స్థలం, సాక్షులతో సహా దాఖలు చేసేవారు. అలా వచ్చిన తల్లులు 1977లో ఆర్చిబిషప్ అండతో ఒక సంఘంగా ఏర్పడ్డారు. ప్రతి ఆదివారానికి ముందు రొమేరో తన బృందాన్ని కూర్చోబెట్టుకుని ఆ వారం ఏం జరిగిందో చర్చించేవారు. శనివారం రాత్రి ఒంటరిగా కూర్చుని బైబిలూ ఆ కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని సిద్ధమయ్యేవారు. తెల్లారాక చేతిలో ఉండేది ముఖ్యాంశాల జాబితా మాత్రమే.

ఈ పద్ధతి విలువేమిటో 1978లో దేశమంతా చూసింది. ఏప్రిల్ నెలాఖరు ప్రసంగంలో రొమేరో కోర్టుల్ని తప్పుపట్టారు. కొందరు న్యాయమూర్తులు అమ్ముడుపోయారని అన్నారు. సుప్రీంకోర్టు బహిరంగంగా స్పందించింది. ఆ న్యాయమూర్తులెవరో పేర్లు చెప్పమని అడిగింది. పేర్లు చెబితే పరువు నష్టం, చెప్పకపోతే అబద్ధాలకోరన్న ముద్ర. మే 14న పెంతెకోస్తు పండగ ప్రసంగంలో రొమేరో జవాబిచ్చారు. ఒకరిద్దరి పేర్లు పట్టుకుని వేలాడేకంటే అసలు వ్యవస్థ సంగతి చూడండన్న ధోరణిలో, రాజ్యాంగం ఇచ్చిన ఏయే హక్కులు ఎక్కడెక్కడ అమలు కావడం లేదో వరుసగా వివరించారు. మనుషుల్ని కోర్టు ముందు హాజరుపరచమని వేసిన హెబియస్ కార్పస్ పిటిషన్ల గతి ఏమైందో అడిగారు. కేథడ్రల్ చప్పట్లతో మార్మోగింది. కోర్టు దగ్గర సమాధానం లేదు.

ప్రభుత్వమూ పెద్ద పత్రికలూ ఆయన్ని కమ్యూనిస్టు అన్నాయి. దేశభక్తి ఉంటే ఒక పాద్రీని చంపమని పిలుపునిస్తూ కరపత్రాలు తిరిగాయి. అవి ఉత్త బెదిరింపులు కావు. రొమేరో పదవిలో ఉన్న మూడేళ్లలో ఆరుగురు ఫాదర్లు హత్యకు గురయ్యారు. అయితే ఆయన ప్రసంగాల్ని వరుసగా చదివితే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఆ పేర్ల జాబితా ఒక పక్షానిది మాత్రమే కాదు. 1977లో విదేశాంగ మంత్రి మౌరిసియో బోర్గొనోవోను గెరిల్లాలు అపహరించినప్పుడు ఆయన విడుదల కోసం రొమేరో విజ్ఞప్తి చేశారు. చంపేశాక ఆ హత్యను ఖండించి అంత్యక్రియల పూజ తానే జరిపించారు. అదే రోజు, మే 11న, ప్రతీకారంగా మరో ఫాదర్‌ను దుండగులు కాల్చిచంపారు. రొమేరో ఆ శవం దగ్గరా పూజ జరిపించారు. వామపక్ష సంఘాలు చర్చిల్ని ఆక్రమిస్తే విమర్శించారు. 1979 అక్టోబర్‌లో యువ సైనికాధికారులు తిరుగుబాటు చేసి సంస్కరణలు తెస్తామంటే కొంతకాలం ఆగి చూద్దామన్నారు. ఆ మాటకు వామపక్షం ఆయన్ని తిట్టిపోసింది. హత్యలు ఆగకపోవడంతో కొత్త ప్రభుత్వాన్నీ నిలదీశారు.

సొంతింట్లోనూ ఆయన ఒంటరే. దేశంలోని బిషప్పుల్లో గట్టిగా వెంట నిలిచింది అర్తూరో రివేరా ఇ దామాస్ ఒక్కరే. మిగతావారు రోమ్‌కు ఫిర్యాదులు పంపారు. ఆయన్ని తప్పించకుండానే అధికారాలు మరొకరికి అప్పగించాలన్న ఆలోచన కూడా వాటికన్‌లో నడిచింది. 1978లో పోప్ ఆరవ పాల్ మాత్రం ధైర్యం చెప్పి పంపారు. మరుసటి ఏడు బ్రిటన్ పార్లమెంటు సభ్యులు ఆయన పేరును నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు. ఆ ఏడాది బహుమతి కోల్‌కతాకు, మదర్ థెరిసాకు వచ్చింది. పేదల సేవ, పేదల తరఫున ప్రశ్న అనే రెండు దారులూ ఒకే చర్చివి. మొదటిదాన్ని ప్రపంచమంతా మెచ్చుకుంటుంది. రెండోదానికి వచ్చేసరికి రాజకీయం అంటుంది.

1980 ఫిబ్రవరి 17న ఆదివారం ప్రసంగంలో రొమేరో ఒక ఉత్తరం చదివారు. అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కు రాసినది. మీరు క్రైస్తవులు, మానవ హక్కులు కాపాడతానంటున్నవారు, కాబట్టి మా సైన్యానికి ఆయుధ సాయం చేయకండి అన్నది దాని సారాంశం. మర్నాడు వైఎస్ఏఎక్స్ స్టేషన్ బాంబు పేలుడుకు నేలమట్టమైంది. ప్రసంగం ఆగలేదు. కోస్టారికాలోని ఒక షార్ట్‌వేవ్ స్టేషన్ ఆ బాధ్యత తీసుకుంది. మార్చి రెండో వారంలో ఆయన పూజ చేసిన చర్చిలో 72 డైనమైట్ కడ్డీలున్న పెట్టె దొరికింది. అదృష్టవశాత్తూ పేలలేదు.

మార్చి 23న వైఎస్ఏఎక్స్ మళ్లీ గొంతు విప్పింది. తపస్సు కాలంలో అయిదో ఆదివారం అది. ఎప్పట్లాగే బైబిలు పఠనాలు, చర్చి విశేషాలు, వారం సంఘటనలు. చివర్లో రొమేరో నేరుగా సైనికులతో, నేషనల్ గార్డుతో, పోలీసులతో మాట్లాడారు. మీరు చంపుతున్నది మీ సొంత రైతు అన్నదమ్ముల్ని అన్నారు. చంపమని మనిషి ఇచ్చే ఆజ్ఞ కంటే చంపవద్దన్న దేవుడి ఆజ్ఞ పెద్దదని, దైవధర్మానికి విరుద్ధమైన ఆజ్ఞను పాటించాల్సిన అవసరం ఏ సైనికుడికీ లేదని చెప్పారు. అణచివేత ఆపమని బతిమాలారు, ఆ పైన దేవుడి పేరిట ఆదేశించారు. సైన్యం దృష్టిలో ఇది తిరుగుబాటుకు పిలుపే.

మర్నాడు సాయంత్రం, తాను నివాసం ఉంటున్న కేన్సర్ ఆసుపత్రి ప్రాంగణంలోని చిన్న ప్రార్థనాలయంలో రొమేరో పూజ చేస్తున్నారు. ఒక పత్రికాధిపతి తల్లి సంస్మరణ పూజ అది. ఆ సంగతి పత్రికల్లో ముందే వచ్చింది. ప్రసంగం ముగించి అప్పద్రాక్షరసాల అర్పణకు సిద్ధమవుతుండగా తలుపు దగ్గర కారులోంచి ఒక్క తూటా వచ్చింది. మార్చి 30న మట్టల ఆదివారం నాడు అంత్యక్రియల్లో బాంబులు పేలాయి, కాల్పులు జరిగాయి. పదుల సంఖ్యలో జనం చనిపోయారు. ఆ తర్వాత 12 ఏళ్ల అంతర్యుద్ధంలో మరణించినవారు సుమారు 75 వేలు. కార్టర్‌ను వద్దని వేడుకున్న ఆ సైనిక సాయం తర్వాతి ఏళ్లలో ఎన్నో రెట్లు పెరిగింది.

హత్య చేయించిందెవరు? 1992 శాంతి ఒప్పందం తర్వాత ఐక్యరాజ్యసమితి నియమించిన సత్య కమిషన్ 1993 మార్చిలో జవాబిచ్చింది. ఆదేశించింది మాజీ మేజర్, అరేనా పార్టీ వ్యవస్థాపకుడు రొబెర్తో దౌబుయిసోన్ అని తేల్చింది. అప్పటికి ఆయన చనిపోయి ఏడాది దాటింది. నివేదిక వచ్చిన అయిదు రోజులకే పార్లమెంటు క్షమాభిక్ష చట్టం చేసి అన్ని కేసులకూ తలుపులు మూసింది. 2004లో అమెరికాలోని ఫ్రెస్నో కోర్టు ఒక మాజీ సైనికాధికారిని ఈ హత్యకు సివిల్ కేసులో బాధ్యుడిగా తేల్చి కోటి డాలర్ల పరిహారం కట్టమంది. ఎల్ సాల్వడార్ సుప్రీంకోర్టు 2016లో క్షమాభిక్ష చట్టాన్ని కొట్టేశాక కేసు తిరిగి తెరిచారు. కానీ హత్య జరిగి నాలుగు దశాబ్దాలు దాటినా స్వదేశంలో ఒక్కరికీ శిక్ష పడలేదు.

వాటికన్ కూడా తీరిగ్గానే కదిలింది. వచ్చిన చిక్కల్లా ఒకటే: ఆయన్ని చంపింది విశ్వాసం కోసమా, రాజకీయం కోసమా? విశ్వాసం కోసమైతేనే వేదసాక్షి. చంపినవాళ్లు నాస్తికులు కారు, బాప్తిస్మం పొందిన కేథలిక్కులే. కాబట్టి 'విశ్వాసంపై ద్వేషం' అనడం ఎలా అన్నది వాదన. పోప్ ఫ్రాన్సిస్ 2015లో ఆ చిక్కు విప్పారు. సువార్త పేదల గురించి చెప్పే మాటను ద్వేషించడం విశ్వాసాన్ని ద్వేషించడమేనని ఆ నిర్ణయానికి అర్థం. రొమేరోను 2015 మే 23న ధన్యుడిగా, 2018 అక్టోబర్ 14న పునీతుడిగా ప్రకటించారు. ఆయనకు అండగా నిలిచిన ఆరవ పాల్, 1964లో బొంబాయి వచ్చి భారత గడ్డపై అడుగుపెట్టిన తొలి పోప్, అదే రోజు పునీతుడయ్యారు.

మన పాఠకుడికి ఇక్కడ ఒక అనుమానం రావాలి. మతాచార్యులు వేదికలెక్కి రాజకీయాలు మాట్లాడటం మనం రోజూ చూస్తున్నదే. దాని ఫలితాలూ తెలుసు. మరి రొమేరోను మెచ్చుకుంటే వాళ్లనెలా కాదంటాం? తేడా ఉంది, అది మన చట్టంలోనే కనపడుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 123(3) సెక్షన్ మతం పేరిట ఓటు అడగడాన్ని అక్రమం అంటుంది. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ నిషేధాన్ని మరింత విస్తరించింది. రొమేరో ఎవరికీ ఓటు అడగలేదు, ఏ పార్టీ జెండా పట్టలేదు, మరో మతం మీద జనాన్ని ఉసిగొల్పలేదు. తన పీఠం ఇచ్చిన పలుకుబడిని నోరులేని వాళ్ల పేర్లు చదవడానికి వాడారు. అధికారం కోసం మతాన్ని వాడుకోవడం ఒకటి, అధికారాన్ని మతం గట్టిగా అడగడం మరొకటి. ఆ రెండూ ఒకే గాటన కట్టేవాళ్లు సాధారణంగా అధికారంలో ఉన్నవాళ్లే.

అడిగేవాళ్లకు ఎదురయ్యే చిక్కులు మనకూ కొత్త కాదు. జార్ఖండ్‌లో విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసీ యువకుల వివరాలు సేకరించిన జెస్యూట్ ఫాదర్ స్టాన్ స్వామిని 2020 అక్టోబర్‌లో భీమా కోరెగావ్ కేసులో ఉపా చట్టం కింద అరెస్టు చేశారు. ఆరోపణల్ని ఆయన తోసిపుచ్చారు. విచారణ మొదలు కాకుండానే 2021 జులై 5న, 84 ఏళ్ల వయసులో, ముంబై ఆసుపత్రిలో చనిపోయారు. రొమేరో కథకూ ఈ కథకూ కాలం, దేశం, పరిస్థితులు అన్నీ వేరు. కలిసేది ఒక్కచోటే. ఇద్దరూ చేసింది ఉపన్యాసాల కంటే ముందు లెక్క రాయడం.

ఎల్ సాల్వడార్‌కు ఆ లెక్క అవసరం తీరిపోలేదు. ముఠాల హింసను అణచడానికి అధ్యక్షుడు నయీబ్ బుకేలే ప్రభుత్వం 2022 మార్చిలో అత్యవసర పరిస్థితి విధించి నెలనెలా పొడిగిస్తూ వచ్చింది. హత్యలు బాగా తగ్గాయి, జనంలో బుకేలేకు ఆదరణ పెరిగింది. అదే సమయంలో 80 వేల మందికి పైగా జైలుపాలయ్యారు. వాళ్లలో నిరపరాధులు ఎందరో ఉన్నారని మానవ హక్కుల సంఘాలు అంటున్నాయి. నా కొడుకు ఏ జైల్లో ఉన్నాడో చెప్పండని తల్లులు మళ్లీ కాగితాలు పట్టుకుని తిరిగారు. రొమేరో రోజుల్లో చంపింది రాజ్యం, భయపడింది జనం. ఈసారి జనంలో చాలామంది రాజ్యాన్నే రక్షకుడిగా చూస్తున్నారు. అలాంటప్పుడు పేర్లు చదవడం ఇంకా కష్టం. వినేవాళ్లు తక్కువ.

రొమేరో ప్రసంగాలన్నీ క్యాసెట్లలో రికార్డయి, తర్వాత సంపుటాలుగా అచ్చయ్యాయి. మతగ్రంథంగా వాటిని చదివేవాళ్లున్నారు. చరిత్రకారులకు అవి మూడేళ్ల నరమేధానికి వారం వారం రాసిన దినచర్య. ఆయన హత్య జరిగిన మార్చి 24ను ఐక్యరాజ్యసమితి 2010లో సత్యం తెలుసుకునే హక్కు దినంగా ప్రకటించింది. శాన్ సాల్వడార్‌లోని కుస్కత్లాన్ పార్కులో 2003లో నల్లరాతి గోడ ఒకటి వెలిసింది. చనిపోయిన, కనపడకుండా పోయిన పాతిక వేలకు పైగా పౌరుల పేర్లు దాని మీద చెక్కారు. రొమేరో పేరు కూడా వాళ్ల మధ్యే ఉంది. బంధువులు వచ్చి తమవాళ్ల పేరు వెతుక్కుని, వేలితో తడిమి, పూలు పెట్టి వెళుతుంటారు.